అల్యూమినియం అతుకు: మీ సొమ్ముతో కొన్న స్పూల్ గన్ ఏం చేస్తుంది?



పోయిన సంవత్సరం సర్వసభ్య సమావేశంలో ఖర్చుల జాబితా చదువుతుండగా ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. "ఏం భాయ్, వెల్డింగ్ మెషీన్ కొన్నారు, బాగుంది. దాని కిందే మళ్ళీ స్పూల్ గన్ అని రాశారు. మెషీన్‌తో పాటు గన్ ఒకటి వస్తుంది కదా! ఈ రెండోది ఎందుకు? ఆ డబ్బు పెడితే రమజాన్‌లో ఇంకొన్ని ఇళ్ళకు రేషన్ వెళ్ళేది కదా?" అని అడిగారు.

అది అడగవలసిన ప్రశ్నే. ఇచ్చిన ప్రతి రూపాయికీ లెక్క అడగటం దాత హక్కు, చెప్పటం మా బాధ్యత. అయితే ఆ రోజు మేము సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. అప్పటికి ఆ పని గురించి మాకే సగం తెలుసు. ఈ ఏడాదంతా దగ్గరుండి చూశాం, తప్పులు చేశాం, వాటిని దిద్దుకున్నాం. ఆ పెద్దాయన ప్రశ్నకు పూర్తి జవాబు ఈ సంచికలో రాస్తున్నాం.

కళాయి నుంచి అల్యూమినియం దాకా

మన పెద్దవాళ్ళకు కళాయి సాయిబులు గుర్తుండే ఉంటారు. వీధి మలుపులో గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసి, రాగి, ఇత్తడి గిన్నెలను వేడి చేసి లోపల తగరం పూసేవారు. మన బస్తీలో ఎన్నో కుటుంబాలు ఆ పని మీద బతికాయి. ఇళ్ళలోకి అల్యూమినియం గిన్నెలు, ఆ వెనుకే స్టీలు వచ్చాయి. వాటికి కళాయి అక్కరలేదు. తిత్తులు మూలపడ్డాయి.

మనం మెషీన్ ఇచ్చిన కుర్రవాడు అలాంటి ఒక కళాయి సాయిబు మనవడు. తండ్రి లేడు. ఒక వర్క్‌షాపులో రోజుకూలీకి ఇనప గేట్లు అతికేవాడు. ఇంటి వెనుక నాలుగు రేకులు వేసుకుని సొంతంగా పని చేసుకోవాలని అతని కోరిక. అయితే ఇనుము అతికేవాళ్ళు మన పట్టణంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. అల్యూమినియం అతికేవాళ్ళే అరుదు. విరిగిన నిచ్చెన, చెవి ఊడిన బిర్యానీ డేగిసా, పగిలిన కిటికీ చట్రం, వాహనాల బాడీ రేకు, ఇవన్నీ అయితే తుక్కు కొట్టుకు వెళ్తున్నాయి, లేకపోతే విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్తున్నాయి. ఆ పని ఇక్కడే నేర్పిస్తే అతనికి అన్నం దొరుకుతుందని అనుకున్నాం. ఏ లోహం తాత పని తీసేసిందో ఆ లోహమే మనవడికి పని ఇవ్వాలి. మా ఆలోచన అంతే.

ఇనుముకూ అల్యూమినియానికీ తేడా

ఇనుము అతకటం వచ్చినవాడికి అల్యూమినియం కూడా వస్తుందని మేమూ అనుకున్నాం. అది పొరపాటు. ఎందుకో చెబుతాం.

అల్యూమినియానికి గాలి తగిలిన క్షణంలోనే దాని మీద కంటికి కనపడని గట్టి పొర ఏర్పడుతుంది. దానిని ఆక్సైడ్ అంటారు. గిన్నె తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే. కానీ అతికేటప్పుడు అదే అడ్డం పడుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పైనున్న పొర కరగాలంటే రెండు వేల డిగ్రీలు దాటాలి. అంటే లోపల లోహం నీళ్ళలా అయిపోయినా పైన తొడుగు గట్టిగానే ఉంటుంది. ఆ తొడుగు తీయకుండా అతికితే రెండు ముక్కలూ పక్కపక్కన కరిగి గడ్డకడతాయి గాని ఒకటి కావు. చూడటానికి అతికినట్టే ఉంటుంది, బరువు పడగానే విడిపోతుంది.

కుర్రవాడి ఇంటి పక్కన ఉండే వృద్ధుడొకాయన, ఒకప్పటి కళాయి పనివాడే, ఇది విని నవ్వారు. "బేటా, ఇందులో కొత్తేముంది? మీ దాదా నవసాగరం చల్లకుండా ఎప్పుడైనా తగరం పూశాడా? మైల పోతేనే తగరం అంటుకునేది" అన్నారు. నిజమే. నవసాగరం రాగి మీది మైలను తినేస్తుంది, అప్పుడే తగరం పట్టుకుంటుంది. మేము చదివి తెలుసుకున్న సూత్రం ఆయన చేతులకు ఎప్పటినుంచో తెలుసు.

రెండో తేడా వేడి. అల్యూమినియం వేడిని ఇనుము కన్నా ఎన్నో రెట్లు వేగంగా లాగేసుకుని ముక్క అంతటా పంచేస్తుంది. అందుకే మొదట ఎంతసేపటికీ కరగనట్టు ఉంటుంది. ముక్క మొత్తం వేడెక్కాక ఒక్కసారిగా రంధ్రం పడుతుంది. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారదు. కరిగే ముందు క్షణం దాకా తెల్లగానే ఉంటుంది. అప్పుడే అతికిన ముక్కను చల్లారిందనుకుని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మొదటి వారంలోనే మన కుర్రవాడికి ఆ పాఠం అయింది.

మూడో తేడా, తీగ మెత్తదనం. స్పూల్ గన్ సంగతి ఇక్కడే వస్తుంది.

రెండో గన్ ఎందుకంటే

మిగ్ మెషీన్ పని చేసే తీరు ఇది. మెషీన్ లోపల తీగ చుట్ట ఉంటుంది. చక్రాలు ఆ తీగను నెడితే అది సుమారు మూడు మీటర్ల గొట్టం గుండా ప్రయాణించి చేతిలోని గన్ కొస నుంచి బయటకు వస్తుంది. అక్కడ విద్యుత్తు మెరుపుకు కరిగి అతుకులో కలుస్తుంది. చుట్టూ గ్యాసు వచ్చి గాలి తగలకుండా కాపాడుతుంది. ఈ పద్ధతి 1948లో అమెరికాలో రూపుదిద్దుకున్నది ముఖ్యంగా అల్యూమినియం వంటి లోహాల కోసమే. కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో ఇనుముకు వాడటం ఆ తరువాత 1953 నాటికి గాని రాలేదు.

ఇనప తీగ గట్టిది కనుక మూడు మీటర్లు నెట్టినా వంగకుండా వెళ్తుంది. అల్యూమినియం తీగ ఉడికిన సేమియా లాంటిది. వెనుక నుంచి నెడితే గొట్టంలో ఎక్కడో చిన్న రాపిడి తగలగానే ముందుకు పోకుండా చక్రాల దగ్గరే ముడులు పడిపోతుంది. పిచ్చుక గూడులా చిక్కుపడిన ఆ తీగను కత్తిరించి పారేయాలి, మళ్ళీ మొదటి నుంచీ ఎక్కించాలి.

స్పూల్ గన్‌లో చిన్న చుట్ట గన్ మీదే కూర్చుంటుంది. తీగను లాగే చిన్న మోటారు కూడా అందులోనే ఉంటుంది. తీగ ప్రయాణించేది మూడు మీటర్లు కాదు, జానెడు దూరం. చిక్కుపడే సందే లేదు. రెండో గన్ కొన్నది ఇందుకే.

స్పూల్ గన్ లేకుండా దారే లేదా అంటే ఉంది. మామూలు గన్‌లో టెఫ్లాన్ గొట్టం వేసి, తీగను నొక్కేయని గుండ్రటి గాడి ఉన్న చక్రాలు పెట్టి, గొట్టం వంకర్లు తిరగకుండా తిన్నగా ఉంచితే కొంత నడుస్తుంది. అనుభవజ్ఞులు అలా చేస్తారు. నేర్చుకునేవాడికి మాత్రం అది చాలా ఇబ్బంది. స్పూల్ గన్‌కూ లోపాలు ఉన్నాయి, దాచం. బరువు ఎక్కువ, ఇరుకు మూలల్లోకి పోదు. చిన్న చుట్టలో తీగ దాదాపు అరకిలో మాత్రమే ఉంటుంది. సన్న తీగ అయితే ఆగకుండా కాలిస్తే అరగంటలోపే అయిపోతుంది. పెద్ద చుట్టతో పోలిస్తే కిలోకు ధర కూడా ఎక్కువ. ఇంకొక మాట: ప్రతి మెషీన్‌కూ ప్రతి స్పూల్ గన్ సరిపోదు. కొనేముందే రెండింటి ప్లగ్గులూ జతపడతాయో లేదో చూసుకోవాలి.

మా పొరపాట్లు

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఖర్చు తగ్గుతుందని మొదట స్పూల్ గన్ లేకుండానే మొదలుపెట్టాం. దానికి తోడు వర్క్‌షాపులో ఇనుముకు వాడే కార్బన్ డయాక్సైడ్ సిలిండరే తెచ్చి తగిలించాం. తీగ రోజూ చిక్కుపడేది. అతుకు నల్లగా, మసి పట్టి, తేనెపట్టులా రంధ్రాలతో వచ్చేది. కుర్రవాడు తన చేతిలోనే తప్పుందనుకుని కుమిలిపోయాడు. "నావల్ల కాదు చాచా, మెషీన్ వెనక్కి తీసుకోండి" అని ఒక సాయంత్రం మా కార్యవర్గ సభ్యుడి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు, మాది. అల్యూమినియానికి కావలసింది స్వచ్ఛమైన ఆర్గాన్ గ్యాసు. కార్బన్ డయాక్సైడ్ గాని, అది కలిసిన గ్యాసు గాని పనికిరాదు. తెలిసినవాళ్ళను ముందే అడిగి ఉంటే ఆ నెల పోయేది కాదు. అప్పుడు పాడైన తీగ, గ్యాసు ఖర్చును కార్యవర్గ సభ్యులమే భరించాం. దాతల సొమ్ములో అది రాయలేదు.

పని జరిగే వరస

ఇప్పుడు ఆ రేకుల షెడ్డులో పని ఈ వరసలో జరుగుతుంది. ఇంటి దగ్గర ఈ పని మొదలుపెట్టాలనుకునే మన పిల్లలకూ ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాం.

మొదట శుభ్రత. ముందు అసిటోన్‌తో తుడిచి జిడ్డు తీయాలి. తరువాత స్టెయిన్‌లెస్ స్టీలు తీగల బ్రష్‌తో రుద్ది ఆక్సైడ్ పొర తీయాలి. వరస తప్పకూడదు. ముందే బ్రష్ పెడితే జిడ్డు లోహంలోకి రుద్దుకుపోతుంది. ఆ బ్రష్‌ను అల్యూమినియానికి తప్ప దేనికీ వాడకూడదు, ఇనుము మీద ఒక్కసారి రుద్దినా దానిని పక్కన పెట్టేయాలి. క్లోరిన్ కలిసిన క్లీనర్లు ఈ పనికి దగ్గరకు రానివ్వకూడదు, వెల్డింగ్ మెరుపుకు వాటి నుంచి ప్రాణాంతకమైన విషవాయువు పుడుతుంది. శుభ్రం చేసిన ముక్కను వెంటనే అతకాలి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. తేమ, జిడ్డు ఏది మిగిలినా అతుకులో సన్న రంధ్రాలు పడతాయి. అందుకే తీగ చుట్టను పని అయిపోగానే మూత ఉన్న డబ్బాలో పెడతాడు.

తరువాత తీగ ఎంపిక. ఎక్కువగా వాడేవి రెండు రకాలు. 4043 అనే దానిలో సుమారు 5 శాతం సిలికాన్ ఉంటుంది. చక్కగా పారుతుంది, పోత సామాన్లకూ వేడి తగిలే వస్తువులకూ మంచిది. 5356లో సుమారు 5 శాతం మెగ్నీషియం ఉంటుంది. గట్టిది, బలమైన అతుకు ఇస్తుంది. కానీ 65 డిగ్రీలు దాటిన వేడిలో నిత్యం ఉండే వస్తువుకు వాడకూడదు. కాబట్టి పొయ్యి మీద పెట్టే డేగిసాకు 4043. అతికాక లోపలి వైపు నున్నగా అరగదీసి, మెతుకులు ఇరుక్కునే సందు లేకుండా చేస్తాడు.

మెషీన్‌లో గన్‌ను ప్లస్‌కూ, పనిముక్కకు కట్టే క్లిప్పును మైనస్‌కూ కలపాలి. అప్పుడు మెరుపు కూడా మిగిలిన ఆక్సైడ్‌ను చెదరగొడుతుంది. గ్యాసు లేకుండా నడిచే తీగ వాడినవాళ్ళు తీగలు తిప్పి పెట్టి ఉంటారు, వాళ్ళు ఇది తప్పక చూసుకోవాలి. ఆర్గాన్ నిమిషానికి 12 లీటర్ల చొప్పున పెడతాడు. ఏడు ఘనపు మీటర్ల పెద్ద సిలిండర్ ఆ లెక్కన తొమ్మిది గంటలకు పైగా మెరుపు ఇస్తుంది. కరెంటు విషయంలో ఒక మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లనేది మొదటి అంచనా. మూడు మిల్లీమీటర్ల రేకుకు 120 దగ్గర మొదలుపెట్టి తుక్కు ముక్క మీద చూసుకుని సరిచేసుకోవాలి. అంతకన్నా పల్చటి రేకు ఈ పద్ధతికి లొంగటం కష్టం, దానికి టిగ్ మేలు. టిగ్ మెషీన్ ఖరీదు ఎక్కువ, పని నెమ్మది.

గన్‌ను కొద్దిగా వెనక్కి వంచి, అతుకును ముందుకు నెడుతూ పోవాలి. ఇనుముకు కొందరు లాగుతారు. ఇక్కడ లాగితే గ్యాసు వెనకబడి అతుకు నల్లబడుతుంది. చెయ్యి వేగంగా కదలాలి, ముక్క వేడెక్కే కొద్దీ ఇంకా వేగంగా. సరిగ్గా కుదిరినప్పుడు ఇనుము అతికేటప్పటి చిటపట ఉండదు, సన్నగా బుసకొట్టినట్టు వినిపిస్తుంది. చివర టక్కున ఆపేస్తే అక్కడ గుంట పడి, చల్లారుతూ పగులు వస్తుంది. అందుకే చివర కొంచెం వెనక్కి వచ్చి ఆ గుంట నింపి ఆపుతాడు.

జనాజా డోలా

ఈ పని విలువ మాకు బాగా తెలిసింది ఒక జనాజా రోజున.

మన మస్జిద్ జనాజా డోలా అల్యూమినియం గొట్టాలతో చేసింది. ఖబరస్తాన్‌కు వెళ్ళే దారిలో దాని ముందు కాలి దగ్గర గొట్టం ఫట్‌మని విరిగింది. భుజాలు మార్చుకుంటున్న యువకులు వెంటనే పట్టుకున్నారు. అల్లాహ్ దయవల్ల మయ్యిత్‌కు అగౌరవం జరగలేదు. కానీ ఆ కుటుంబ సభ్యుల ముఖాలు చూసిన మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు డోలాను షెడ్డుకు తీసుకెళ్ళాం. కుర్రవాడు చాలాసేపు తడిమి చూసి, "తెగింది అతుకు కాదు చాచా, అతుకు పక్కన" అన్నాడు. కారణం ఇది. ఇటువంటి గొట్టాలకు కర్మాగారంలో వేడితో బలం చేకూరుస్తారు. అతికేటప్పుడు తగిలిన వేడికి అతుకు పక్కన ఆ బలం చాలావరకు పోతుంది. మూడో వంతు నుంచి సగం దాకా తగ్గవచ్చు. పైకి ఏ మచ్చా ఉండదు. డోలా చేసినవాళ్ళు బరువు ఎక్కువగా పడే చోటే అతుకు పెట్టారు. అక్కడే మళ్ళీ అతికి ఇస్తే కొన్నాళ్ళకు అదే చోట మళ్ళీ విరుగుతుంది.

అతను విరిగిన భాగం కోసేసి, లోపల సరిపోయే ఇంకొక గొట్టం చొప్పించాడు. అతుకులను బరువు తక్కువ పడే చోటికి జరిపాడు. మూలల్లో మూడు కోణాల పలకలు పెట్టి బరువు పంచాడు. మిగతా మూడు కాళ్ళకూ అలాగే చేశాడు. తరువాత యాభై కిలోల ఇసుక బస్తాలు నాలుగు ఎక్కించి, అటూ ఇటూ ఊపుతూ షెడ్డు చుట్టూ మోసి చూశాం. కాళ్ళ దగ్గర రంగు ద్రవం పూసి పగుళ్ళు లేవని చూసుకున్నాకే మస్జిద్‌కు చేర్చాం. కూలి తీసుకోమంటే, "నా దాదాను మోసింది కూడా ఈ డోలాయే" అని తలవంచుకున్నాడు. తీగ ఖర్చు మాత్రం మేము బలవంతంగా ఇచ్చాం.

చేయనివీ, చేయకూడనివీ

మెషీన్ ఇచ్చేటప్పుడు అతనితో కొన్ని మాటలు ఒప్పించుకున్నాం. పెట్రోలు, డీజిలు పోసిన ట్యాంకు ఖాళీదైనా అతకడు, లోపలి ఆవిరి పేలుతుంది. ప్రెషర్ కుక్కరు, గ్యాసు సిలిండరు, వాహనాల అల్లాయ్ చక్రాలు ముట్టడు. అతుకు పక్కన బలం పోతుందని డోలా దగ్గర చూశాం కదా, ప్రాణాలు ఆధారపడే వస్తువు మీద ప్రయోగాలు వద్దు. నిచ్చెన తెస్తే మెట్టు పట్టీ మాత్రమే చూస్తాడు, నిలువు గొట్టం విరిగితే కొత్తది కొనుక్కోమని పంపేస్తాడు. గిరాకీ పోయినా సరే.

షెడ్డుకు మీటరు నుంచి వేరే తీగ, వేరే ఎం.సి.బి., ఎర్తింగ్ వేయించాం. 200 ఆంపియర్ల మెషీన్ గట్టిగా నడిస్తే ఇంట్లోని 16 ఆంపియర్ల ప్లగ్గు తట్టుకోదు. సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టించాం. ఆర్గాన్ వాసన లేనిది, గాలి కన్నా బరువైనది. తలుపులు మూసిన గదిలో నిండితే ఊపిరి అందదు. అందుకే తలుపు తెరిచే పని, కానీ ఫ్యాను గాలి అతుకు మీదికి రాకూడదు, గ్యాసు చెదిరిపోతుంది. అల్యూమినియం మీద మెరుపు ఎక్కువగా తిరిగి కొడుతుంది కనుక మంచి హెల్మెట్, తోలు గ్లవ్స్, నిండు చేతుల నూలు చొక్కా తప్పనిసరి. పాలిస్టర్ చొక్కా నిప్పు పడితే ఒంటికి అంటుకుపోతుంది. అల్యూమినియం పొడి, ఇనుము తుప్పు పొడి ఒకచోట పోగుపడితే భయంకరంగా మండుతాయి, కాబట్టి రెండింటికీ గ్రైండర్ వేరు, చోటు వేరు. పిల్లలు మెరుపు చూడకుండా షెడ్డుకు పరదా కట్టించింది అతని తల్లి.

లెక్క

మెషీన్ జకాత్ నిధి నుంచి కొన్నాం. ఉలమాను సంప్రదించి, అర్హుడైన ఆ కుర్రవాడికి దానిని పూర్తి సొంతం చేసి ఇచ్చాం. రేపు అతను అమ్ముకున్నా మేము అడగలేం. జకాత్ అంటే అదే. స్పూల్ గన్, సిలిండర్ డిపాజిట్, నేర్చుకోవటానికి వచ్చే పిల్లల హెల్మెట్లు అందరూ వాడుకునేవి కనుక వాటిని జకాత్ సొమ్ముతో కొనలేదు, సాధారణ సదఖా నిధి నుంచి కొన్నాం. ఆ రోజు జాబితాలో రెండు వరసలుగా కనిపించింది అందుకే.

చేయి చాచిన అన్సారీ సహచరుడి ఇంట్లోని రెండు వస్తువులు అమ్మించి, గొడ్డలి కొనిపించి, దానికి స్వయంగా పిడి బిగించి అడవికి పంపిన దైవప్రవక్త (స) ఉదంతం మనందరికీ తెలుసు. రేషన్ ఆపమని మేము అనటం లేదు, ఆకలి ఆగదు. రేషన్ సంచీతో పాటు ఒక గొడ్డలి కూడా ఇవ్వాలన్నదే మా ప్రయత్నం.

ప్రశ్న అడిగిన ఆ పెద్దాయన ఈ మధ్య తమ ఇంటి పెద్ద డేగిసాను, చెవి దగ్గర పగిలినదాన్ని, ఆ షెడ్డుకు స్వయంగా తీసుకెళ్ళారు. పని అయ్యాక నీళ్ళు పోయించి, పగులు దగ్గర వేలితో తడిమి, చెమ్మ లేదని చూసుకుని, బేరం ఆడకుండా డబ్బు ఇచ్చి వచ్చారట. ఆ డేగిసాలోనే ఈ రమజాన్‌లో మస్జిద్ ఇఫ్తార్‌కు హలీం వండుతామని కబురు పంపారు.

మీరు ఇచ్చిన దానిని అల్లాహ్ స్వీకరించుగాక. ఆ చేతులకు హలాల్ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. మా లోపాలను క్షమించి, మీ అమానత్‌ను సక్రమంగా నిర్వహించే శక్తిని మాకు ఇచ్చుగాక. ఆమీన్.